పేజీ తిప్పే ఆగయ్య

ఆగయ్యకు సంగీతం రాదు. పాడడం రాదు, వాయించడం రాదు, పాట బాగుందా లేదా అని అడిగితే పక్కవాడి ముఖం చూస్తాడు. మా చర్చి సభ్యుడు కాడు. అసలు క్రైస్తవుడే కాడు. గౌలిపురలో ఉంటాడు, నల్లాలు బాగుచేస్తాడు, ఆషాఢం వస్తే వాళ్లింట్లో బోనం ఎత్తుతారు. అయినా పంతొమ్మిదేళ్లపాటు ప్రతి ఆదివారం తొమ్మిదింటికి సైదాబాద్‌లోని మా చర్చికి వచ్చి, ఆర్గను పక్కన ఎడమవైపు స్టూలు మీద కూర్చుని, బేబీ టీచరమ్మ వాయించే పుస్తకానికి పేజీలు తిప్పాడు. ఇంతకన్నా వింత కొలువు ఈ నగరంలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసొస్తాను.

నా పేరు డానియేలు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగాను. గాయక బృందంలో కింది గొంతు నాది, చర్చి కమిటీలో ఒక కుర్చీ కూడా నాది. పని లేకుండా నిలబడ్డ మనిషిని చూస్తే ఇప్పటికీ నాకు టికెట్ అడగబుద్ధవుతుంది. ఈ కథలో మొదటి తప్పు నాదే కాబట్టి చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

టీచరమ్మ పేరు బేబీ, వయసు డెబ్బై ఒకటి. లెక్కల టీచరుగా రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లను, ఎక్కాలు రాని పిల్లవాణ్ణి చూసినట్టు చూస్తుంది. రెండోసారి ఎవరూ అడగరు. పంతొమ్మిదో ఏట మా ఆర్గను ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. అది కాళ్లతో తొక్కే ఆర్గను. రెండు కాళ్లూ ఆడితేనే కింద తిత్తుల్లోకి గాలి వెళ్తుంది, రెండు చేతులూ ఆడితేనే పైన పాట వస్తుంది. దేవుడు మనిషికి ఇచ్చిన నాలుగింటినీ అదే తీసుకుంటుంది కాబట్టి పేజీ తిప్పడానికి ఇంకో మనిషి కావాలి.

వాయించే పుస్తకం టీచరమ్మ తండ్రి చేత్తో రాసింది. గీతల మీద చుక్కలు, చుక్కల కింద తెలుగు మాటలు, మొత్తం రెండు వందల పన్నెండు పేజీలు. పంతొమ్మిదేళ్ల కిందట దాని కుట్లు ఊడిపోయి పేజీలు రాలిపోతుంటే కమిటీ నన్ను బైండింగ్ చేయించుకు రమ్మంది. నేను ఛత్తా బజార్‌లో ఖుద్దూస్ భాయ్ అనే ముసలాయన చేతిలో ఆ పేజీల కట్ట పెట్టి, "జర మంచిగ కట్టు భాయ్" అని చెప్పి డ్యూటీకి వెళ్లిపోయాను. ఆయన మంచిగానే కట్టాడు. కాకపోతే జీవితమంతా ఉర్దూ పుస్తకాలు కట్టిన మనిషి కదా, దీన్ని కూడా కుడివైపు కుట్టాడు.

"ఏంది భాయ్, ఉల్టా కట్టినవ్?" అన్నాను.

"ఉల్టా కాయ్కు సాబ్? కితాబ్ ఐసీచ్ ఖుల్తీ," అని ఆయన అల్మారా వైపు చెయ్యి చూపించాడు. అందులో ఉన్న పుస్తకాలన్నీ అటు నుంచే తెరుచుకునేవి. ఆయన లెక్కలో తలకిందులుగా ఉన్నది మిగతా ప్రపంచం. తప్పు ఆయనది కాదు, నోరు విడిచి చెప్పని నాది. విప్పి మళ్లీ కట్టిద్దామంటే మిగతా మూడు అంచులూ అక్షరాల దాకా నున్నగా కోసేశాడు. ఎడమవైపు కుడితే ప్రతి వరుసలో మొదటి చుక్క కుట్టులోకి పోతుంది. అందుకని పుస్తకం అలాగే చర్చికి వచ్చింది.

టీచరమ్మ నన్ను ఏమీ అనలేదు. ముందు కుడి పేజీ, తర్వాత ఎడమ పేజీ చదవడం రెండు రోజుల్లో అలవాటు చేసుకుంది. చిక్కంతా తిప్పేవాళ్లతోనే వచ్చింది. అప్పుడు రాహేలు అని మా బృందంలో పాడే అమ్మాయి తిప్పేది. ఆ ఆదివారం ఒక జంట పెళ్లి ప్రకటన ఉంది. వధూవరులు ముందు నిలబడి ఉన్నారు, మేము శుభమైన పాట ఒకటి అందుకున్నాం. మొదటి పేజీ అయిపోగానే రాహేలు చెయ్యి పాత అలవాటు కొద్దీ కుడివైపుకు పోయి, పేజీ వెనక్కి తిరిగింది. అక్కడ ఉన్నది సమాధి దగ్గర పాడే పాట. టీచరమ్మ అప్పట్లో కళ్ల ముందు ఏముంటే అది వాయించేది, మేము టీచరమ్మ ఏది వాయిస్తే అది పాడేవాళ్లం. ఆ విధంగా పెళ్లికూతుర్ని మట్టిలోకి పంపే చరణం సగం దాకా నాలుగు గొంతుల్లో శ్రావ్యంగా పాడాం. పెళ్లికూతురి తల్లి ఏడుస్తుంటే సంతోషం పట్టలేక అనుకున్నాం.

పక్క తలుపు బయట చేతులు కడుక్కునే నల్లా కారుతుంటే దాన్ని బాగుచేయడానికి ఆ రోజు ఆగయ్య వచ్చాడు. లోపల లొల్లి విని తొంగి చూశాడు. రాహేలు కంగారులో అటూ ఇటూ తిప్పుతోంది, పుస్తకంలోంచి పండుగ ఒకటి, ఉపవాసం ఒకటి బయటికి వస్తున్నాయి. ఆగయ్య చేతిలో పానాతోనే లోపలికి నడిచొచ్చాడు.

"అమ్మా, ఇది ఉర్దూ దిక్కు బుక్కు. గిటు నుంచి తిప్పాలె," అని, చెయ్యి అంగీకి తుడుచుకుని ఎడమ మూల పట్టి పేజీ తిప్పాడు. ఆయన పాతబస్తీలో ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియం చదివాడు. కుడి నుంచి తెరుచుకునే పుస్తకమే ఆయనకు సీదా పుస్తకం. టీచరమ్మ తల ఊపినప్పుడల్లా ఒక పేజీ చొప్పున ఆరాధన అయ్యేదాకా తిప్పాడు. బయట విప్పి పెట్టిన నల్లా ఆరాధన అయ్యేదాకా పారింది. జనం చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్లారు. టీచరమ్మ మాత్రం, "వచ్చే ఆదివారం ఖాళీయేనా?" అని అడిగింది.

ఆయన పని పద్ధతి చెప్పాలి. వచ్చీ రాగానే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాడు. స్టూలు మీద కూర్చుని పుస్తకం వైపు చూడడు, టీచరమ్మ గడ్డం వైపు చూస్తాడు. పేజీ చివరి వరుస రాగానే ఆమె గడ్డం ఎడమవైపుకు అరంగుళం ఒరుగుతుంది. ఆ అరంగుళానికి ఆగయ్య చెయ్యి లేస్తుంది. ప్రసంగం మొదలవగానే బయటికి వెళ్లి చాయ్ తాగి, సరిగ్గా ముగింపు పాటకు లోపల ఉంటాడు. ఏ పాట ఇష్టమని ఒకసారి అడిగాను.

"నేను ఇంటలేను గద అన్నా. ఇనుడు షురూ చేస్తే తిప్పుడు మర్చిపోత," అన్నాడు.

ఆయన భార్య బాలమ్మ చనిపోయిన నెలలో కూడా ఒక్క ఆదివారం మానలేదు. ఎందుకొచ్చావన్నా, ఇంట్లో ఉండరాదా అంటే, "ఇంట్ల కూసుంటే గోడలు మీద పడుతున్నయి. ఈడైతే పేజీలన్న ఉన్నయి," అన్నాడు. వారంలో ఆయన ఎదురుచూసేది ఆ స్టూలు ఒక్కదాని కోసమేనని కమిటీలో అందరికీ తెలుసు. తెలిసే చేశాం.

చేసింది ఏమిటంటే, గాయక బృందానికి కార్యదర్శి అయిన వెస్లీ ఒక టాబ్లెట్ కొనుక్కొచ్చాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి, గచ్చిబౌలిలో కంప్యూటర్ ఉద్యోగం, మాటకు ముందు నవ్వు. పుస్తకం పేజీలు మూలల దగ్గర పొడిపొడిగా రాలుతున్న మాట నిజమే. అన్నిటినీ ఫొటో తీసి టాబ్లెట్‌లో పెడతానన్నాడు. దానితోపాటు కాలి కింద పెట్టుకునే ఒక పెడల్ కూడా వస్తుంది, దాన్ని తొక్కితే తెర మీద పేజీ తిరుగుతుంది, ఇక ఎవరూ తిప్పనక్కర్లేదు అన్నాడు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంటే ఏడుగురిలో ఏడుగురం ఎత్తాం. ఆగయ్యకు చెప్పాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. సభ్యుడు కాడు కదా మరి.

ఆదివారం ఆగయ్య చేతులు కడుక్కుని వచ్చేసరికి స్టాండు మీద పుస్తకం లేదు. నల్లటి పలక ఒకటి వెలుగుతోంది. ఆయన తడి చేతులు గాలిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. పాట మొదలైంది. పేజీ చివరికి రాగానే టీచరమ్మ ఆర్గను తొక్కే కాలు తీసి పెడల్ మీద వేసింది. ఆర్గనుకు గాలి అందక, పరుగెత్తి బస్సెక్కిన ముసలాయన లాగా రొప్పి ఆగింది. మళ్లీ తొక్కుదామని ఆమె తొందరలో కాలు ఆడిస్తే ఆ కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. తెర మీద నాలుగు పేజీలు గబగబా తిరిగి క్రిస్మస్ వచ్చేసింది. అది మే నెల.

వెస్లీ పరుగెత్తుకొచ్చి, ఈ ఆర్గను తీసేసి కరెంటు కీబోర్డు పెట్టుకుందాం ఆంటీ అన్నాడు.

"నేను దీన్ని తొక్కుడు మొదలువెట్టిన్నాడు మీ అమ్మకు ఇంకా పాలపండ్లు ఊడలె," అంది టీచరమ్మ. "నువ్వు పోయి నీ జాగల నిలబడు. ఆగయ్యా, రా, నువ్వే తిప్పు."

ఆగయ్య వచ్చి తెర మీద వేలు పెట్టి జరిపాడు. తెర కదల్లేదు. గట్టిగా నొక్కాడు. కదల్లేదు. నలభై ఏళ్లు ఇనుప పైపులు తిప్పిన వేలు అది, చర్మం చెప్పు అట్టలా ఉంటుంది. ఆ పలక దాన్ని మనిషి వేలుగా గుర్తించలేదు.

"రేషన్ దుకాణంల మిషన్ గిట్లనే అంటది," అన్నాడు ఆగయ్య, దానికి తానే తప్పు చేసినట్టు.

రాహేలు వేలు పెడితే చక్కగా తిరిగింది. ఇప్పుడు రాహేలుకు ఇద్దరు పిల్లలు, ఉర్దూ దిక్కు భయం కూడా లేదు. అయితే రాహేలు అక్కనే కూర్చోబెడదాం, ఆగయ్య అంకుల్‌కు ఎందుకు శ్రమ అని వెస్లీ అన్నాడు. ఆగయ్య నా వైపు చూశాడు. నేను పాటల కాగితం వైపు చూశాను.

"రాహేలు పాట షురూ కాంగనే కండ్లు మూసుకుంటది," అంది టీచరమ్మ. "నాకు ఆగయ్యనే కావాలె. లేకుంటే మీరే వాయించుకోన్రి."

అంతమాట వచ్చాక వెస్లీ మధ్యేమార్గం చెప్పాడు. ఆగయ్య స్టూలు మీదే కూర్చుని పెడల్‌ను తన కాలితో తొక్కాలి. అందరికీ నచ్చింది. ఆగయ్య ఒక్కడే రెండు కాళ్లూ స్టూలు కిందకు లాక్కున్నాడు.

"పాటల బుక్కును కాలుతోని తొక్కాల్నా?"

"అది బుక్కు కాదు అంకుల్, బటన్."

"బటన్ తొక్కితే ఏమైతది?"

"పేజీ తిరుగుతుంది."

"అంటే తొక్కింది పేజీనే గద. మీ దేవుని పేరు రాసి ఉంటది దానిమీద. నాతోని గాదు సార్."

వెస్లీ సాయానికి మా పాస్టరు అయ్యగారిని పిలిచాడు. ఆయన కూడా పెడల్ దగ్గర నుంచి కాలు వెనక్కి తీసుకున్నాడు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోకుండా పెరిగినవాడు మా గుంపులో ఒక్కడు లేడు. పోనీ పెడల్‌ను ఎత్తుగా పెడదామంటే అందులో ఛార్జింగ్ నిలవదు. నేల మీదున్న ప్లగ్గుకు అంటించే ఉంచాలి, తీగ మూరెడు కూడా లేదు. చివరికి ఆగయ్యే దారి చూసుకున్నాడు. టీచరమ్మ గడ్డం ఒరగగానే స్టూలు మీంచి దిగి, రెండు మోకాళ్ల మీద వంగి, పెడల్‌ను చేత్తో నొక్కి, ఆ చెయ్యి కళ్లకద్దుకుని మళ్లీ స్టూలెక్కడం. పాటకు నాలుగు పేజీలుంటే నాలుగుసార్లు.

మొదటి వరసలో కైలాసం తాత కూర్చుంటాడు. ఎనభై దాటాయి, చెవి మందం, చూపు మాత్రం చురుకు. ముందు ఎవరు ఏం చేస్తే అది చేయడం ఆయన భక్తి. పాట మధ్యలో ఆర్గను దగ్గర ఒక మనిషి మోకాళ్ల మీద పడి కళ్లకద్దుకోవడం చూశాడు. ఆరాధన క్రమంలో ఏదో మార్పు వచ్చిందనుకుని, పాపం, బెంచీ పట్టుకుని ఆయన కూడా మోకరించాడు. అంత పెద్దాయన మోకరిస్తే వెనక వరస కూర్చుని ఉంటుందా? రెండో పేజీకి మూడు వరసలు దిగాయి. మూడో పేజీకి చర్చి సగం. ముగింపు పాటకు వచ్చేసరికి గాయక బృందంతో సహా అందరం దిగాం. నా మోకాళ్లు రెండూ అరిగిపోయినవి. దిగేటప్పుడు ఒక చప్పుడు, లేచేటప్పుడు ఇంకో చప్పుడు చేశాయి. ఎందుకు దిగుతున్నామని నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ నన్ను అడగలేదు.

ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. కొత్తవాళ్లకు పాతవాళ్లు నేర్పడం కూడా మొదలైంది. పేజీ ఎక్కడ అయిపోతే అక్కడ మోకరించాలి కదా, అది చరణం చివరే కానక్కర్లేదు. ఒక పాటలో "మరియు" అనే మాట దగ్గర పేజీ అయిపోతుంది. అందరూ "మరి" అని దిగి "యు" అని లేచేవాళ్లు. అయ్యగారికి కారణం తెలుసు. కానీ ఆయన సేవ చేసిన ఇరవై ఏళ్లలో జనం తమంతట తాముగా మోకరించడం అదే మొదటిసారి, ఆపడానికి మనసొప్పలేదు. పైగా తర్వాతి ఆదివారం "మరియు" అనే మాటలోని లోతు మీద ముప్పావుగంట ప్రసంగించాడు. నేను కూడా నోట్సు రాసుకున్నాను.

ఆ తర్వాత తనిఖీకి వచ్చిన పెద్ద అయ్యగారు ఇదంతా చూసి కళ్లు తుడుచుకున్నారు. ఇంత వినయం గల సంఘాన్ని తాను చూడలేదన్నారు. ఏయే మాటల దగ్గర మోకరిస్తారో పట్టిక రాసి పంపమన్నారు. నేనూ వెస్లీ కూర్చుని రెండు వందల పన్నెండు పేజీలకూ చివరి మాటలు ఏరి రాశాం. కార్వాన్ నుంచి ఒక సంఘం వాళ్లు మినీ బస్సులో వచ్చి, మా పద్ధతి చూసి, నేర్చుకుని, బెంచీల మధ్య ఎంత జాగా వదలాలో టేపుతో కొలుచుకుని పోయారు.

వీటిలో ఏదీ ఆగయ్యకు తెలియదు. ఆయన చూపు టీచరమ్మ గడ్డం మీద, దిగాక పెడల్ మీద. వీపు వెనక రెండు వందల మంది మోకరించి లేస్తున్నది ఆయన చూడలేదు. బెంచీల చప్పుడు విని, "మీ బెంచీలు మస్తు కిర్రుమంటున్నయన్నా, బోల్టులు టైట్ చెయ్యాల్నా?" అని నన్ను అడిగాడు.

అప్పుడు వెస్లీ ఇంకో మెట్టెక్కాడు. టాబ్లెట్‌లో కొత్త ఏర్పాటు పెట్టాడు. అది పాటను వింటుంది, పేజీ అయిపోగానే దానంతట అదే తిప్పుకుంటుంది. పెడలూ వద్దు, వేలూ వద్దు. ఈ ఏర్పాటు గురించి మేము కమిటీలో రెండు గంటలు కొట్టుకున్నాం. టాబ్లెట్ గురించి కాదు, దాని గురించి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆగయ్య దిగకపోతే జనం ఎప్పుడు దిగాలో ఎవరు చెప్తారన్నదే మా బాధ. పట్టిక పైదాకా వెళ్లింది, కార్వాన్ వాళ్లు కూడా మొదలుపెట్టారు, ఇప్పుడు ఆపితే పరువేం కావాలి? చివరికి తీర్మానం రాశాం. ఆగయ్య యథాప్రకారం స్టూలు మీద కూర్చోవాలి, పేజీ తిరిగేముందు తెర మీద వెలిగే ఎర్ర చుక్క కనబడినప్పుడు యథాప్రకారం మోకరించాలి. తీర్మానం వినిపించే పని నా నెత్తిన పెట్టారు.

ఆగయ్య అంతా విన్నాడు. అప్పుడే ఆయనకు జనం సంగతి తెలిసింది.

"నన్ను చూసి మొక్కుతున్నరా అందరు?"

"నిన్ను చూసి కాదన్నా, నిన్ను చూసి మొదలైంది."

"ఇగ పేజీ అదే తిరుగుతదా?"

"అదే తిరుగుతుంది."

"మరి నేను ఎందుకు దిగాలె?"

నేను పరువు, పట్టిక, కార్వాన్ అంటూ ఏదో చెప్పాను. చెప్తుంటే నా మాటలు నాకే అసహ్యంగా వినబడ్డాయి.

"నేను పేజీ కోసం వంగిన. పేజీ లేకుంట వంగితే అది నాటకం అన్నా. దేవుని ముంగట నాటకం ఆడెటంత ధైర్యం నాకు లేదు. మీకున్నదేమో నాకెరుక లేదు," అన్నాడు. కోపంగా అనలేదు. స్టూలును గోడకు జరిపి, సైకిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత రెండు ఆదివారాలు ఆయన రాలేదు. టాబ్లెట్ బ్రహ్మాండంగా పనిచేసింది. ఎర్ర చుక్క చూసి మోకరించే పని కైలాసం తాతకు అప్పగించాం, ఆయన ఆనందంగా ఒప్పుకున్నాడు. టీచరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి, వాయించి, వెళ్లిపోయింది. నేను పలకరిస్తే ఎక్కాల చూపు చూసింది. మా అందరికీ ఆ స్టూలు పంటి కింద రాయి లాగే ఉంది, కానీ తీయమని గానీ ఉంచమని గానీ ఎవరం అనలేదు.

మూడో ఆదివారం రెండో పాట మొదటి పేజీలోనే తెర నల్లబడింది. ఏదో అప్‌డేట్ అట, అరగంట పడుతుందట. వెస్లీ దాని పక్కన నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. మేము పాట ఆగిపోతుందనుకున్నాం. పాట ఆగలేదు. రెండో పేజీ, మూడో పేజీ, ఐదో పేజీ, ఒక్క చుక్క తప్పకుండా ఆ నల్ల పలక ముందు కూర్చుని ఆమె వాయించుకుంటూ పోయింది. మూడో పాట, ముగింపు పాట కూడా అంతే. అప్పుడు నేను ఆమె ముఖం వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉన్నాయి.

ఆరాధన అయ్యాక అడిగాను. "బుక్కు లేకుండ ఎట్ల వాయించినవ్ టీచరమ్మా?"

"యాభై రెండేండ్ల నుంచి వాయిస్తున్న. అన్ని చేతులకు వస్తయి. నాకు బుక్కు ఎందుకు?"

"మరి ఆగయ్య ఎందుకు ఇన్నేండ్లు?"

టీచరమ్మ ఆర్గను మూత వేసింది. "ఆయన ఇల్లు నీకెరుకేనా? అయితే ఆటో పిలువు," అంది.

గౌలిపురలో ఆగయ్య ఉండే గల్లీలోకి ఆటో సగం దాకానే వెళ్తుంది. దాన్ని అక్కడే ఆగమని చెప్పి, రెండు బర్రెలను తప్పించుకుంటూ నడిచాం. ఆగయ్య వాకిట్లో నీళ్ల గోలెం పక్కన కూర్చుని, ఎవరిదో పాత పంపు విప్పి ముందేసుకున్నాడు. మమ్మల్ని చూసి లేచి కుర్చీ తెచ్చాడు. ఒక్కటే కుర్చీ. టీచరమ్మ కూర్చోలేదు, నేను కూర్చోవడం బాగుండదు. కుర్చీ మా ముగ్గురి మధ్య ఖాళీగా ఉంది.

"ఆగయ్యా, నీకొక మాట చెప్పాలె. మనసుల పెట్టుకోవద్దు," అంది టీచరమ్మ.

"చెప్పున్రి టీచరమ్మా."

"నాకు పేజీలు అక్కర్లేకుండె. కండ్ల ఆపరేషన్ అయి ఎనిమిదేండ్లాయె. అప్పటికెల్లి నేను బుక్కు దిక్కు చూసుడే లేదు. నీకు చెప్పలె. తప్పు నాదే."

ఒక మనిషి ఎనిమిదేళ్లు చేసిన పని ఎవరికీ అవసరం లేదని ఆ మనిషి ముఖం మీదే చెప్పడం నేను అప్పటిదాకా చూడలేదు. ఆగయ్య పంపు మరను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టాడు.

"నాకెరుకే," అన్నాడు.

"ఏంది ఎరుక?"

"ఒకపారి రెండు పేజీలు అంటుకొని కలిసే తిరిగినయి. మీరు ఆగలె, వాయించుకుంటనే పోయిన్రు. ఇదేందని ఇంకోపారి కావాల్ననే వేరే పాట తీసి పెట్టిన. అప్పుడు గూడ ఆగలె. అప్పుడే సమజైంది."

"ఎన్నేండ్లాయె అది?"

"ఏడేండ్లయితుండొచ్చు."

టీచరమ్మ కుర్చీ వీపు పట్టుకుంది. "సమజైనంక గూడ ఎందుకొచ్చినవయ్యా? సైదాబాద్ దాకా సైకిల్ తొక్కుకుంట, వానలల్ల, ఎండలల్ల?"

"మీరు తల ఊపుతుంటిరి గద," అన్నాడు ఆగయ్య.

టీచరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి బర్రెల వైపు తిరిగాను. ఏడుగురం చేతులెత్తి ఎంత పెద్ద పనిని పనికిరాదన్నామో ఆ గల్లీలో నిలబడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

"ఇగ బుక్కు పెట్టను, ఆ పలక గూడ పెట్టను," అంది చివరికి టీచరమ్మ. "నువ్వొచ్చి కూసో."

"తిప్పెటందుకు ఏం లేకుంట?"

"ఏం లేకుంట."

"ఊకనే కూసోవాల్నా?"

"ఊకనే కూసో."

ఆగయ్య పని లేకుండా ఎక్కడా కూర్చునే మనిషి కాడు. విప్పిన పంపు ముక్కలన్నీ ఏరి గోలెం పక్కన వరసగా పెట్టాడు. ఆ రోజు ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. మళ్లీ ఆరాధనకు ఇంకా ఏడు రోజులున్నాయి. ఆయన లోపలికి వెళ్లి, ఉతికిన అంగీ తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చి, మాకంటే ముందే నడుచుకుంటూ పోయి ఆటోలో కూర్చున్నాడు.